తిరగబెట్టిన తేదీ

బాతెల్, వాషింగ్టన్ రాష్ట్రం
16 అక్టోబరు 1983, ఆదివారం

చెల్లెమ్మ దేవకుమారికి,

అన్నయ్య సత్యానందం రాస్తున్నాను. నేను, లూసీ, అల్లుడు సామ్యూల్ ముగ్గురం ప్రభువు దయవల్ల బాగున్నాం. నువ్వూ, సుందర్ రాజ్, కోడలు జయంతి బాగున్నారనుకుంటాను. ఇక్కడ వాన పడుతోంది. ఈ ఊళ్ళో అది వార్త కాదు.

నాకు పని దొరికింది. లూసీ తన ఆసుపత్రిలో తెలిసినావిడతో చెప్పి పెట్టించింది. ముసలివాళ్ళని ఉంచి చూసుకునే చోటు. నర్సింగ్ హోమ్ అంటారు. బస్సులో పావుగంట. ఎనభై మంది ఉన్నారు. అందులో నాకంటే చిన్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు మంచాల మీద, నేను వంటగదిలో. పన్నెండు నుంచి ఆరు దాకా పని.

పని నేనే కావాలన్నాను. పొద్దున్నే లూసీ, సామ్యూల్ డ్యూటీకి పోతారు. నేను కిటికీ దగ్గరి నుంచి తలుపు దాకా, తలుపు దగ్గరి నుంచి కిటికీ దాకా నడుస్తాను. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు. ఇక్కడ పనిలో మాట్లాడక్కర్లేదు. అది నాకు నచ్చింది.

వంట చేయనివ్వరు. మిగిలినవి సర్దాలి, గిన్నెలు కడగాలి. వంటగది పెద్దావిడ పేరు మిసెస్ హోల్ట్. మొదటి రోజు నన్ను ఫ్రిజ్‌లోకి తీసుకుపోయింది. ఫ్రిజ్ మన బోర్డింగు స్టోరు గది అంత ఉంది, లోపలికి నడిచి వెళ్ళాలి. ప్రతి గిన్నె మీదా కాగితపు టేపు అంటించి, పదార్థం పేరు, వండిన రోజు రాయాలి. మూడు రోజులు ఉంచవచ్చు. తర్వాత పారబోయాలి. ఆవిడ మూడు వేళ్ళు చూపించింది, చెత్త డబ్బా చూపించింది. చేత్తో చెబితే నాకు అర్థమవుతుంది.

నిన్న ఒక బకెట్టెడు బఠాణీ సూప్ పారబోశాను. ముందు వాసన చూశాను. బాగానే ఉంది. నాలుక మీద వేసుకున్నాను. బాగానే ఉంది. పారబోశాను. ముప్పై ఏళ్ళు బోర్డింగులో రెండు వందల మంది పిల్లలకి వండాను. ఒక్క గరిటె పారబోసిన గుర్తు లేదు, ఒక్క పిల్లవాడికి కడుపు నొప్పి వచ్చిన గుర్తు లేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

ఇంతే సంగతి.

నీ అన్నయ్య
సత్యానందం


షాంటిలీ, వర్జీనియా
25 అక్టోబరు 1983

అన్నయ్యకి దేవకుమారి వందనాలు.

కాగితం రెండు వైపులా రాశావు! నాన్న పోయినప్పుడు నువ్వు రాసిన కార్డులో నాలుగు మాటలున్నాయి, నా దగ్గర ఇంకా ఉంది అది. ఫోన్‌లో అయితే ఊఁ అనడం తప్ప ఏమీ అనవు. అందుకే నాకు నీ ఉత్తరమే మేలు.

అయితే ఉద్యోగస్థుడివయ్యావన్న మాట. సుందర్‌కి చెబితే, "మామయ్య ఈ వయసులో యూనిఫాం వేసుకుంటాడా అమ్మా?" అని నవ్వాడు. నవ్వకు, మీ మామయ్య గరిటె పడితే నువ్వు ఆఫీసు మానేసి వస్తావు అన్నాను. తెల్ల టోపీ పెడతారా నీకు? ఫోటో పంపు.

బకెట్టెడు సూప్ పారబోయించారా! చదివి నాకు అన్నం దిగలేదు. ఇక్కడ జయంతి కూడా అంతే. పెరుగు డబ్బా మీద అంకెలు చూసి చెత్తలో పడేస్తుంది. పెరుగు అప్పుడే బాగా పులిసింది, మజ్జిగ చేస్తే అమృతం. నేను చెత్తలోంచి తీశాను. "అత్తయ్యా, దాని డేట్ అయిపోయింది" అంది. డేట్ అయిపోయింది పెరుగుకి కాదమ్మా, నాకు అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు నాతో. నేను మజ్జిగ తాగుతూనే ఉన్నాను.

అమ్మ చేపల పులుసు మరిచిపోయావా? ఆదివారం చేస్తే బుధవారం దాకా వచ్చేది. పొద్దునోసారి, సాయంత్రమోసారి పొయ్యి మీద పెట్టి మళ్ళీ కాచి తిరగబెట్టేది. "తిరగబెడితే ఆ రోజుదే" అనేది కదా. మూడో రోజు ముక్క కోసం నువ్వూ నేనూ కొట్టుకునేవాళ్ళం. ఈ దేశం వాళ్ళకి తిరగబెట్టడం తెలియదు, అందుకే పారబోస్తారు. నువ్వు పారబొయ్యకు అన్నయ్యా. తిరగబెట్టు. నీ చేతికి ఎవరు వంక పెడతారు?

సుందర్ వచ్చే లోపల ఈ కవరు అంటించాలి, స్టాంపు వాడి దగ్గరే ఉంటుంది. లూసీని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
దేవకుమారి


బాతెల్
6 నవంబరు 1983, ఆదివారం

చెల్లెమ్మకి,

నీ ఉత్తరం అందింది. టోపీ లేదు. జుట్టుకి వల కడతారు. నాకు జుట్టు లేకపోయినా కడతారు. ఫోటో పంపను.

నువ్వు రాసినట్టు తిరగబెట్టాను. మిసెస్ హోల్ట్ నాలుగింటికి ఇంటికి పోతుంది. తర్వాత పొయ్యిలు ఖాళీ. కోడి సూప్ మూడో రోజుది ఉంది. బాగా ఉడికించాను. బుడగలు వచ్చాయి. దించి, మూత పెట్టి, ఫ్రిజ్‌లోకి తోశాను. అప్పుడు టేపు సంగతి వచ్చింది. పాత తేదీ ఉంచితే పొద్దున్నే పారబోస్తారు. అమ్మ లెక్కన అది ఆ రోజుదే. పాత టేపు పీకాను. కొత్త టేపు మీద ఆ రోజు తేదీ వేశాను. వేశాక తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాను. మళ్ళీ లోపలికి పోయి చూశాను. తర్వాత బస్సుకి వచ్చేశాను.

మర్నాడు అందరూ తాగారు. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటి నుంచి రెండు మూడు సార్లు అలాగే చేశాను.

అక్కడ లిండ్‌క్విస్ట్ అని ఒకాయన ఉన్నాడు. ఎనభై ఒకటి. అలాస్కా సముద్రంలో చేపలు పట్టేవాడట. చక్రాల కుర్చీ తోసుకుంటూ వంటగది కిటికీ దగ్గరికి వచ్చి గిన్నె ముందుకు పెడతాడు. "సత్యా, సూప్" అంటాడు. నా పేరు ఆయనకి అంతవరకే వచ్చు. పోస్తాను. ఆయన తాగుతాడు, నేను చూస్తాను. ఇద్దరం మాట్లాడం. తిరగబెట్టిన సూప్ పోసిన రోజు గిన్నె రెండోసారి పెట్టాడు.

మధ్యాహ్నం వడ్డించేది కోరా. ఫిలిప్పీన్స్ ఆవిడ, ముప్పై ఏళ్ళుంటాయి. నన్ను లోలో అంటుంది. వాళ్ళ భాషలో తాతయ్య అని లూసీ చెప్పింది.

ఇప్పుడు పారబోయడం తగ్గింది. అయినా బస్సులో చేతులు అలాగే ఉన్నాయి. ఎందుకో తెలియదు.

అన్నయ్య
సత్యానందం


షాంటిలీ
15 నవంబరు 1983

అన్నయ్యకి,

జుట్టు లేని తలకి వల! సుందర్, జయంతి, నేను ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. జయంతి కూడా నవ్వింది, అంటే మేము ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం అని అర్థం.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు నీ సంగతి చెప్పేశాను. మా అన్నయ్య అమెరికా వాళ్ళకి తిరగబెట్టడం నేర్పుతున్నాడు అన్నాను. ఆడవాళ్ళంతా తలా ఒక మాట వేసుకున్నారు, ఒకావిడ వంకాయ పులుసు గురించి అరగంట చెప్పింది. పాస్టరమ్మ గారు మాత్రం, "దేవకుమారి గారూ, అక్కడి పెద్దావిడకి తెలిసే చేస్తున్నారా మీ అన్నగారు?" అన్నారు. ఆవిడకి వంట రాదు, ఇంట్లో అయ్యగారే వండుతారు. అందుకని ఊరుకున్నాను.

ఆ సముద్రం ముసలాయనకి నా వందనాలు చెప్పు. ఇద్దరూ మాట్లాడుకోరా? నీకు తగినవాడే దొరికాడు.

ఒక్క మాట. నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూశాను. బస్సు గురించి రాస్తావు, ఫ్రిజ్ గురించి రాస్తావు, లూసీ ఏం వండుతుందో, నీతో ఏం మాట్లాడుతుందో ఒక్క ముక్క రాయవు. వేళకి అన్నం పెడుతోందా? దాచకు నా దగ్గర. చేతులు అలాగే ఉన్నాయి అన్నావు, ఎలాగ ఉన్నాయి? నొప్పా? ఆ పిల్ల నర్సు కదా, చూడదా?

వచ్చే వారం వాళ్ళ పండగట, టర్కీ అని ఇంత పెద్ద కోడి. జయంతి ఒకటి తెచ్చింది, ఫ్రిజ్‌లో కూర్చోబెట్టింది, నేను తలుపు తీసినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను. నీ వంటగదిలో ఎన్ని కోస్తారో రాయి.

దేవకుమారి


బాతెల్
4 డిసెంబరు 1983, ఆదివారం

చెల్లెమ్మకి,

పండక్కి టర్కీలు ఆరు కోశారు. శుక్రవారం, పండగ రోజులకి వచ్చిన వేరే వంటవాళ్ళు మిగిలిన మాంసం, ఎముకలు వేసి పెద్ద కుండలో సూప్ కాచారు. పాలు, పిండి పోసి చిక్కగా చేశారు. కుండ నా నడుము దాకా ఉంటుంది. మిసెస్ హోల్ట్ పండక్కి కూతురి ఊరు పోయింది. మొన్న బుధవారం రాత్రి వచ్చింది. అప్పటి దాకా నేను రోజూ తిరగబెట్టాను. రోజూ టేపు మార్చాను.

గురువారం మధ్యాహ్నం అది తాగిన వాళ్ళలో తొమ్మిది మందికి వాంతులు, విరేచనాలు. లిండ్‌క్విస్ట్ గారిని ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆయన రెండు గిన్నెలు తాగాడు. రెండోది నేను పోశాను.

ఆరోగ్య శాఖ నుంచి ఇద్దరు వచ్చారు. కుండ చూశారు. టేపు మీద బుధవారం తేదీ ఉంది. సూప్ ముందు రోజుదే కాబట్టి కుండలో తప్పు లేదు, కోరా వడ్డించేటప్పుడు చాలాసేపు బయట వదిలేసి ఉంటుంది అనుకున్నారు. కోరా వదల్లేదు వదల్లేదు అని ఏడ్చింది. పనిలోకి రావద్దన్నారు. వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి వెళ్ళింది.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేను చెప్పలేదు.

లూసీకి తెలియదు. చేతులు ఆగడం లేదు. కలం కూడా సరిగ్గా నిలవడం లేదు, అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. ఒంట్లో ఏమీ లేదు.

అన్నయ్య


షాంటిలీ
10 డిసెంబరు 1983

అన్నయ్యకి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అక్షరాలన్నీ వంకర టింకర. "ఒంట్లో ఏమీ లేదు" అని నువ్వు రాస్తే నమ్ముతానా? నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా అదే అన్నావు. వెంటనే లూసీకి ఫోన్ చేశాను.

"ఏమే, మా అన్నయ్య చేత ఎంత చాకిరీ చేయిస్తున్నావే?" అన్నాను.

"ఏ చాకిరీ అత్తా? పని కావాలని నాన్నే అన్నాడు."

"చేతులు వణికేదాకానా? నడుము దాకా ఉండే కుండలు ఎత్తిస్తారా అరవై నాలుగేళ్ళ మనిషి చేత? నువ్వు నర్సువి, నీకు కనపడవా?"

"చేతులు వణుకుతున్నాయని నాతో చెప్పలేదు అత్తా" అంది. ఇంకా ఏదో అడగబోయింది, నేను కోపంలో పెట్టేశాను. పెట్టాక మనసు బాగాలేదు. నువ్వు చెప్పు దానికి, అత్త కోపం ఒక పూటే అని.

ఇక ఆ సూప్ సంగతి. నువ్వు లేనిపోనివి మనసులో పెట్టుకోకు. ఉడుకుతున్న దాంట్లో ఏ పురుగు బతుకుతుంది? అమ్మ పులుసుకి ఎవరైనా మంచం పట్టారా? ఆ కోరానే బయట వదిలేసి ఉంటుంది. చిన్నది, ఇంకోచోట పని దొరుకుతుంది. నీకు ఆ పని పోతే మళ్ళీ కిటికీకీ తలుపుకీ మధ్య తిరగడమే. పైగా లూసీకి ఆసుపత్రిలో తలవంపు. నువ్వు నోరు మెదపకు. పుట్టినప్పటి నుంచీ మెదపని నోరు, ఇప్పుడు మాత్రం ఎందుకు?

టేపు గురించి అస్సలు ఎత్తకు. విన్నావా?

దేవకుమారి


బాతెల్
14 డిసెంబరు 1983

చెల్లెమ్మకి,

నోరు మెదపవద్దని నువ్వు రాసిన ఉత్తరం ఇవాళ వచ్చింది. సోమవారమే చెప్పేశాను.

నువ్వు ఫోన్ చేసిన సాయంత్రం లూసీ వచ్చి నా ఎదురుగా కుర్చీ వేసుకుంది. కోటు కూడా విప్పలేదు. "నాన్నా, నేను నీకు ఏం తక్కువ చేశాను?" అంది. తక్కువేమీ లేదమ్మా అన్నాను. "మరి అత్తకి రాసి నాకెందుకు చెప్పలేదు? చేతులు చూపించు" అంది. చూపించాను. పట్టుకుని చూసింది. "ఎప్పటి నుంచి?" అంది. క్రిందటి వారం గురువారం నుంచి అన్నాను. నర్సింగ్ హోమ్ సంగతి పేపర్లో వచ్చింది, దానికి తెలుసు. "ఆ గురువారమేనా?" అంది. ఇక చెప్పాను.

"ఎన్ని రోజుల సూప్ నాన్నా?"

ఆరు అన్నాను.

"కుండ ఎంత లోతు?"

చేత్తో చూపించాను. అది తల పట్టుకుంది.

తర్వాత నిదానంగా చెప్పింది. అంత లోతు కుండ ఫ్రిజ్‌లో పెట్టినా, చుట్టూ చల్లబడుతుంది కానీ నడిమధ్య తెల్లారేదాకా గోరువెచ్చగానే ఉంటుందట. అందులో పురుగు పెరుగుతుందట. పొద్దున్నే ఉడికిస్తే పురుగు చస్తుంది, అది వదిలిన విషం కొన్నిసార్లు చావదట. నేను తిరగబెట్టినప్పుడల్లా మళ్ళీ వేడి చేసి మళ్ళీ ఆ మధ్యలో పెంచాను. అమ్మది వెడల్పు దాక, అడుగున నాలుగు వేళ్ళ పులుసు, అందులో చింతపండు. బోర్డింగులో ఏ పూటది ఆ పూట అయిపోయేది, రెండు వందల మంది పిల్లలు ఏం మిగులుస్తారు? అది నా గొప్ప అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"ఎవరికీ తెలియదు కదా నాన్నా" అంది చివరికి. అని, తనే మొహం పక్కకి తిప్పుకుంది.

కోరా భుజం తట్టి వెళ్ళింది అన్నాను.

సోమవారం లూసీ సెలవు పెట్టింది. ఇద్దరం మిసెస్ హోల్ట్ గదికి వెళ్ళాం. నేను తెలుగులో చెప్పాను, లూసీ ఇంగ్లీషులో చెప్పాలి. నేను చెప్పడం అయ్యాక అది ఒకసారి నా మొహం చూసి మొదలుపెట్టింది. నాకు మాట్లాడటం రాదు కానీ వింటే కొంత తెలుస్తుంది. మా నాన్నకి ఇంగ్లీషు రాదు, ఈ నియమం ఎవరూ ఆయనకి అర్థమయ్యేలా చెప్పలేదు అంటోంది. మిసెస్ హోల్ట్ తల ఊపుతోంది. ఇక అక్కడితో అయిపోయేది.

నేను లేచి నిలబడ్డాను. "నో. షీ టెల్ మి. ఫస్ట్ డే" అన్నాను. మూడు వేళ్ళు చూపించాను. "ఐ నో. ఐ డు. నాట్ కోరా" అన్నాను. ఈ దేశం వచ్చి రెండేళ్ళలో నేను పైవాళ్ళతో అన్ని మాటలు ఆడింది అదే మొదలు.

మిసెస్ హోల్ట్ చాలాసేపు నా వేళ్ళ వైపు చూసింది. అరవలేదు. అరిస్తే బాగుండేది. కాగితం తీసి తేదీలన్నీ అడిగి రాసుకుంది. నా ముందే కోరాకి ఫోన్ చేసింది. తర్వాత నాతో రేపటి నుంచి రావద్దంది. లూసీ తెలుగులో చెప్పబోయింది, అక్కర్లేదన్నాను.

ఇంటికి వచ్చి లూసీ అన్నం పెట్టింది. వేళకే పెట్టింది.

అన్నయ్య


షాంటిలీ
21 డిసెంబరు 1983

అన్నయ్యా,

ఎన్నిసార్లు మొదలుపెట్టి చింపానో. జయంతి కాగితాల కట్ట తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

నా పేరు చెప్పావా వాళ్ళకి? చెప్పలేదు, నాకు తెలుసు. తిరగబెట్టమని రాసింది నేను. పాస్టరమ్మ గారు అడిగితే ఆవిడకి వంట రాదని రాసింది నేను. నోరు మెదపవద్దని రాసింది కూడా నేనే. ఆ పిల్ల కోరా ఇంట్లో పిల్లలున్నారా? నేను అడగను కూడా అడగలేదు. ఇంకోచోట దొరుకుతుంది అనేశాను, చీపురు పుల్ల గురించి అన్నట్టు.

మిసెస్ హోల్ట్‌కి నేను రాస్తాను. సుందర్ చేత ఇంగ్లీషులో రాయిస్తాను, కింద నేనే సంతకం పెడతాను. చెడ్డ సలహా ఇచ్చింది నేను, మా అన్నయ్య చెప్పింది చేశాడంతే అని. అడ్రసు పంపు.

లూసీకి ఫోన్ చేశాను. క్షమించవే అన్నాను. "నాకూ అదే బుద్ధి పుట్టింది అత్తా, దాచేద్దామని" అంది. ఇద్దరం ఏడ్చాం. నువ్వు పక్క గదిలో ఉన్నావట, ఫోన్‌కి రానన్నావట. నా మీద కోపమా? ఉంటే రాయి. తిట్టు. ఊరుకోకు.

ఆ ముసలాయన ఎలా ఉన్నాడో నీ ఉత్తరంలో లేదు. మూడుసార్లు వెతికాను. బతికి ఉన్నాడా అన్నయ్యా? ఒక్క ముక్క రాయి. కార్డు మీదైనా సరే.

ఇవాళ జయంతి పారేసిన పెరుగు నేను తీయలేదు.

దేవకుమారి


బాతెల్
22 జనవరి 1984, ఆదివారం

చెల్లెమ్మకి,

నీ ఉత్తరం, తర్వాత పంపిన రెండు కార్డులు అందాయి. కోపం లేదు. ఆయన సంగతి తేలకుండా ఏం రాయాలో తోచలేదు.

మిసెస్ హోల్ట్‌కి రాయవద్దు. నువ్వు రాసింది చెల్లెలి మాట. టేపు పీకింది నా చెయ్యి.

ఎనిమిది మంది రెండు మూడు రోజుల్లో కోలుకున్నారు. లిండ్‌క్విస్ట్ గారు నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇద్దరు డాక్టర్లు ఆశ వదిలేశారని లూసీ తర్వాత చెప్పింది. ఈ నెల ఆరో తేదీన మళ్ళీ నర్సింగ్ హోమ్‌కి తెచ్చారు. సగం అయ్యారు. కోరా తిరిగి పనిలో చేరింది. అక్కడ కనపడితే నన్ను ఇప్పుడు లోలో అనదు, మిస్టర్ అంటుంది. అది న్యాయమే.

ఎనిమిదో తేదీ ఆదివారం, చూడవచ్చే వాళ్ళ వేళకి వెళ్ళాను. పుస్తకంలో పేరు రాసి లోపలికి పోవాలి. లూసీ వస్తానంది, వద్దన్నాను. ఆయన హాల్లో కిటికీ దగ్గర ఉన్నారు. "సత్యా" అన్నారు. నేను చెప్పాను. నాకున్న మాటలతోనే. సూప్, సిక్స్ డే, నేను టేపు మార్చాను, మీ జబ్బు నా వల్ల. మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను.

"యూ?" అన్నారు.

"మి" అన్నాను.

చక్రాల కుర్చీ కిటికీ వైపు తిప్పేసుకున్నారు. నేను కాసేపు నిలబడి వచ్చేశాను.

పదిహేనో తేదీన మళ్ళీ వెళ్ళాను. నన్ను చూశారు. ఎదురు గోడ మీది పడవల బొమ్మలున్న క్యాలెండర్ వైపు తిరిగి చూస్తూ ఉండిపోయారు. ముప్పావుగంట గోడకి ఆనుకుని నిలబడ్డాను. అటు ఇటు కాళ్ళు మార్చుకున్నాను. వెళ్ళిపోదామని రెండుసార్లు అనుకున్నాను. బస్సు వేళ అయ్యాక వచ్చాను.

ఇవాళ వెళ్ళాను. వాన బాగా పడుతోంది. చొక్కా తడిసి ఉంది. ఆయన అదే చోట ఉన్నారు. నా వైపు చూడలేదు. నేను గోడ దగ్గరికి నడుస్తున్నాను. ఆయన పక్కన ఖాళీ కుర్చీ ఒకటి ఉంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే, కాలు చాపి, ఆ కుర్చీని నా వైపు నెట్టారు.

కూర్చున్నాను.

అన్నయ్య
సత్యానందం